మౌగ్లీ యడవికి మా ప్రయాణము

పిల్లలు మనసార ప్రేమించిన పుస్తకము కొంతకాలమునకు వారికి ఒక ఊరివలె కనబడును. ఆ యూరెక్కడ నున్నదో చూడవలెనని వారు పట్టుపట్టుదురు. ఈ కోరిక అన్ని దేశముల బిడ్డలకును గలదు. ఇంగ్లండున బియాట్రిక్స్ పాటర్ కుందేళ్ళ కథలు వ్రాసిన యామె కొనుక్కొన్న హిల్ టాప్ అను పొలమింటిని, కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమున 'ఆన్' అను అనాథబాలిక కథకు ఆలంబనమైన పల్లెయింటిని చూచుటకు కుటుంబములు ఎంతదూరమునుండియో పోవుచుండును. అట్టి యాత్ర యొకటి మాకును గత వేసవిలో తటస్థించినది. సైదాబాదునుండి బయలుదేరి, మౌగ్లీ యడవియని పేరుపొందిన పెంచ్ వనమునకు మేమందరము పోయి వచ్చితిమి. అక్కడ మాకు పులి కనబడలేదు. కనబడినదానిని చెప్పుకొనుట నాకంత గౌరవమైన పని కాదు. అయినను ఈ పత్రికను చదువు గృహస్థులలో నావంటివారు కొందరుందురని తలచి వ్రాయుచున్నాను.

నేను బడిపంతులను. సంస్కృతము కొంత, ఇంగ్లీషు కొంత చదువుకొని, ఇరువది యేండ్లుగా పిల్లలకు పాఠములు చెప్పుచున్నాను. మా యింటిలో నా తల్లి, నా భార్య, పదునొకండేండ్ల కుమార్తె, ఎనిమిదేండ్ల కుమారుడు ఉన్నారు. సాయంకాలము అయిదుగంటలకు మా యింట అంట్లు తోముటకు ఒకామె వచ్చును. ఆమెవెంట ఆమె కూతురును వచ్చును. ఆ పిల్లకు మా యమ్మాయి యీడే. తల్లి పని ముగించువరకు ఆ పిల్ల వంటింటి గడపయొద్ద కూర్చుండును.

రెండేండ్ల క్రిందట మా యమ్మాయికి కిప్లింగు వ్రాసిన జంగిల్ బుక్ కొనియిచ్చితిని. అది ఆ పుస్తకమును తాను చదువుటతో తృప్తిపడక, గడపయొద్ద కూర్చున్న పిల్లకు తెలుగున చెప్పసాగెను. ఆ పిల్ల చదువు తెలుగుబడిలోనిది. ఇంగ్లీషు దానికి అక్షరములవరకే తెలియును. ఈ విధముగా మా యింటిలో ఆ పుస్తకము ప్రతి సాయంకాలము గడపమీద తెలుగగుచుండెను. బాలూ 'ఎలుగుబంటి పంతులు' ఆయెను. తబాకీ 'ఎంగిళ్ళు నాకెడు నక్క' ఆయెను. ఇరువురు పిల్లలును తోడేళ్ళవలె ఊళలు వేయుచుండగా మా అబ్బాయి షేర్‌ఖానుడై కుంటుచు ఇల్లంతయు తిరుగుచుండెను.

ఈ సంగతి విని మా బడిలోని మిత్రుడొకడు నన్ను మందలించెను. "కిప్లింగు సామ్రాజ్యవాది గదా! తెల్లవారు తక్కిన జాతులను మోయవలసిన బరువని 1899లో పద్యము వ్రాసినవాడు. అట్టివాని పుస్తకము మన పిల్లలకెందుకు? మనకు పంచతంత్రము లేదా?" అని యతని ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. మా పిల్లలకు నేను పంచతంత్ర కథలను చెప్పుచునే యున్నాను. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలోని మిత్రలాభమును కూడ కొంత చదివి వినిపించితిని; ఆ భాషలోని సొగసు వారికి అందకున్నను, వలతో కూడ ఎగిరిపోయిన పావురములు అందినవి. అయితే పంచతంత్రము రాజకుమారులకు లోకనీతి నేర్పుటకై చెప్పబడిన గ్రంథము. అందలి మృగములు మంత్రులు, దూతలు, వంచకులు. ఒక దిక్కులేని బిడ్డను పెంచి, వానికి పాఠము చెప్పి, వానికొరకు పంచాయతిలో వాదించిన మృగములు కిప్లింగు పుస్తకమున నున్నవి. పిల్లలకు రెండును కావలెను. పెద్దవారైన పిదప ఆ రచయిత మనలనుగూర్చి యేమనుకొనెనో కూడ మనమే వారికి చెప్పవలెను. దాచిన దోషముకంటె చెప్పిన దోషము మేలు.

ఆ పుస్తకము పుట్టిన విధము విచిత్రమైనది. కిప్లింగు 1865లో బొంబాయిలో జన్మించెను. ఆరవయేట ఇంగ్లండునకు పంపబడి, 1882లో తిరిగివచ్చి లాహోరు, అలహాబాదులలో పత్రికలలో పనిచేసెను. కాని జంగిల్ బుక్కును వ్రాసినది అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున, మంచుకురియు చోట. 1894లో మొదటి పుస్తకము, 1895లో రెండవది వెలువడినవి. కథ జరిగిన సివనీ కొండలను ఆతడు కన్నులార చూచినట్లు ఆధారము లేదు. 1877లో స్టెర్న్‌డేలను దొర సివనీ ప్రాంతపు వేటనుగూర్చి వ్రాసిన గ్రంథమును చదివి, తాను చిన్ననాడు విన్న మాటలను కలిపి, చూడని యడవిని కట్టెను. మన హిందుస్తానీ మాటలే యందలి పేర్లు: భాలూ ఎలుగు, హాథీ ఏనుగు, బందర్‌లోగ్ కోతిజనము. పేర్లు మనవి, పుస్తకము వారిది. అది మరల మా గడపయొద్దకు వచ్చి తెలుగైనది.

ఏప్రిలు నెలాఖరున బడులకు సెలవులిచ్చిరి. మా యమ్మాయి అదివరకే పటముమీద సివనీని వెదకి పట్టుకొనెను. "నాన్నా, మన రోడ్డే అక్కడికి పోతుంది. ఎక్కడా తిరగనక్కరలేదు" అని 44వ జాతీయ రహదారిమీద వ్రేలు పెట్టి ఉత్తరముగా లాగెను. నిజమే. హైదరాబాదునుండి నిర్మలు, ఆదిలాబాదు, నాగపూరు మీదుగా ఆ దారియే సివనీకి పోవును. నాగపూరు 500 కిలోమీటర్లు. అక్కడినుండి పెంచ్ తురియా ద్వారమునకు సుమారు 90. ఒక కారు మాటలాడితిని.

అప్పుడు మా యమ్మాయి, "దాన్ని కూడా తీసుకుపోదాం నాన్నా. కథంతా దానికీ తెలుసు" అని అడిగెను. గడపయొద్ద కూర్చుండు పిల్లనుగూర్చి యా మాట. "కారులో చోటు చాలదమ్మా. అయినా వాళ్ళమ్మ పంపదు" అని చెప్పితిని. కారులో చోటు చాలకపోవుట కొంత నిజము. వాళ్ళమ్మ పంపదనుట నా కల్పన. నేనామెను అడుగనే లేదు.

తెల్లవారుజామున బయలుదేరి, కామారెడ్డి దాటి, సోన్ వంతెనమీద గోదావరిని దాటితిమి. వేసవి గోదావరి సన్నగా, ఇసుకతిన్నెల నడుమ కనబడెను. మా యమ్మ కారులోనుండియే చేతులు జోడించెను. నిర్మలులో ఆగి బొమ్మలు కొంటిమి. అవి పొనికి చెక్కతో చేయుదురు. చేతబట్టుకొన్న బరువే తెలియదు. మా వాడు పులిని కొనుక్కొనెను. అమ్మాయి రెండు జింకలను ఏరి, ఒకటి తనకనియు, రెండవది ఇంటికి పోయినపిదప ఇవ్వవలసినదనియు చెప్పి, గుడ్డలో చుట్టి దాచెను. ఎవరికిత్తువని నేనడుగలేదు. ఆదిలాబాదు దాటినపిదప పెన్‌గంగ వచ్చినది. అది దాటగనే మహారాష్ట్రము. రాత్రికి నాగపూరు చేరితిమి.

మరునాడు నాగపూరునుండి పోవు దారిలో ఒక వింత చూచితిమి. పెంచ్ అడవిని చీల్చుకొనిపోవు చోట రహదారిని స్తంభములమీద పైకెత్తి, అడవిమృగములు క్రిందుగా నడచిపోవుటకు తొమ్మిదిచోట్ల దారులు విడిచినారు. మన బండ్లు పైన, పులులు క్రింద. ఇది చూచి మా వాడు, "పులికి రోడ్డు దాటడానికి వంతెన కట్టారు, మన చంపాపేట రోడ్డు దాటడానికి మనకు లేదు" అనెను. అందరము నవ్వితిమి.

తురియా చేరుసరికి దారిపొడవున వసతిగృహముల గోడలమీద మౌగ్లీ బొమ్మలే. సంస్కృతపంతులకు తురీయమనగా జాగ్రత్స్వప్నసుషుప్తులకు మీదిదైన నాలుగవ యవస్థ. ఆ పేరుగల యూరు టికెట్ల వరుసలోను, జీపుల దుమ్ములోను నన్ను స్వాగతించినది. ఆ వనము 1992లో పులుల సంరక్షణక్షేత్రమైనది. అక్కడ 'కాలర్‌వాలీ' యని జనులు పిలిచిన యాడుపులి ఎనిమిది కాన్పులలో 29 పిల్లలను కని, 2022 జనవరిలో మరణించినది. ఊరివారు దానికి పూలు వేసి దహనము చేసిరి. ఆ కథను మాకు చెప్పినవాడు మా జీపు నెక్కిన గైడు.

అతడు అడవి అంచున నున్న పల్లెలోని గోండు కుటుంబమువాడు, నా యీడువాడు. నా హైదరాబాదు ఉర్దూ, అతని హిందీ చక్కగా కలిసినవి. మా యమ్మాయి అతనిని, "మీరు జంగిల్ బుక్ చదివారా?" అని నాచేత అడిగించెను. అతడు నవ్వి, "చదవలేదు బేటీ. కాని అందులో ఉన్నవాళ్ళందరు నాకు తెలిసినవాళ్ళే" అనెను.

తెల్లవారకమునుపే అడవిలో ప్రవేశించితిమి. ఆకురాల్చిన టేకులనడుమ తెల్లని బెరడుగల తపసిచెట్లు వెన్నెలలో మనుష్యులవలె నిలిచియుండెను. ఇప్పపూల వాసన గాలినిండ నుండెను. ఎలుగుబంట్లకు ఆ పూలన్న ప్రాణమనియు, చెదపుట్టలను త్రవ్వి తినుననియు గైడు చెప్పెను. కొండముచ్చులు చెట్లపైనుండి విడిచిన చివుళ్ళను క్రింద చుక్కలజింకలు ఏరుకొని తినుచుండెను. పైవారికి దూరదృష్టి, క్రిందివారికి వాసన. పులి వచ్చినచో ఎవరు ముందు కనిపెట్టిన వారు కేకవేయుదురు, తక్కినవారు తప్పించుకొందురు. ఆ మైత్రిని చూచి నాకు మిత్రలాభము జ్ఞప్తికి వచ్చినది. ఒకచోట దుమ్ములో పులి అడుగు కనబడెను. మా వాడు నిర్మలు పులిని దాని ప్రక్కను నిలుపవలెనని యేడ్చెను. బండి దిగుట నిషిద్ధము. పులిభాగ్యము అంతటితో సరి.

ఎండ ముదిరినపిదప గైడు మమ్మొక మడుగుకడకు తీసికొనిపోయెను. వేసవిలో పెంచ్ నది పారుట మాని, అక్కడక్కడ మడుగులై నిలుచును. ఆ చుట్టుప్రక్కల మృగములకు ఆ మడుగే గతి. బండి ఆపి మాటలాడక కూర్చుంటిమి. జింకలు గుంపుగా త్రాగుచుండెను. వానికి కొంచెము దూరమున అడవిపందులు, ఒడ్డున నెమళ్ళు, రాతిమీద కొండముచ్చులు. ఇంతలో జింకలు తలలెత్తినవి. నాలుగు రేచుకుక్కలు గట్టుదిగి వచ్చి, నడుములదాక నీటిలో కూర్చుండి, తాపము తీరువరకు త్రాగి, వచ్చిన దారినే పోయినవి. అంతసేపును జింకలు పైగట్టున, పారిపోక, కన్నార్పక నిలిచియుండెను. కుక్కలు పోయినపిదప మరల దిగి, ఆ నీటినే త్రాగసాగెను.

మా యమ్మాయి ఊపిరి బిగబట్టి చూచుచుండెను. రెండవ జంగిల్ బుక్కున నీటిసంధి యను కథ యున్నది. కరవునాడు నది యెండి, నడుమనున్న శాంతిశిల బయటపడగా, హాథీ సంధి చాటును. అటుపిమ్మట నీరు త్రాగుచోట ఎవరును ఎవరిని చంపరాదు. పులియు జింకయు ఒకే రేవున త్రాగవలెను. "అదే ఇది" అని అది గుసగుసలాడెను. గైడును నేనడిగితిని. అతడు నిజమే చెప్పెను: "సంధి ఏమీ లేదు సారు. కుక్కల కడుపు నిండివుంది. ఆకలిమీద వచ్చినరోజు ఇక్కడే పడతాయి. కాని దాహానికి వేరే చోటు లేదు గదా. అందరూ ఇక్కడికే రావాలి."

"వేరే మడుగు లేదా?" అని మా యమ్మాయి.

"ఈ దిక్కున ఇదొక్కటే."

అప్పుడది నా వైపు తిరిగి, ఏ నిష్ఠురమును లేక, లెక్క చెప్పినట్లు అనెను: "మన ఇంట్లో అయితే గ్లాసు వేరే ఉంది, నాన్నా."

జీపులో నెవరును మాటలాడలేదు. నా భార్య మడుగువైపు చూచుచుండెను. మా యమ్మ జపమాల త్రిప్పుట యాపెను. గైడునకు తెలుగు రాకపోవుట నాకు మేలైనది.

ఆ గ్లాసు సంగతి చదువరులకు చెప్పవలెను. మా వంటింటి కిటికీగట్టుమీద, అంచు నొక్కుకొనిపోయిన స్టీలు గ్లాసొకటి యుండెను. పనిచేయు ఆమెకు, ఆమె కూతురికి టీయైనను నీళ్ళైనను అందులోనే. దానిని ఆమెయే కడిగి, ఆమెయే గట్టుమీద బోర్లించిపోవును. ఆమె మా యింటికి వచ్చి ఆరేండ్లయినది. ఈ నియమము నెవరు పెట్టిరో చెప్పలేను. మా యమ్మ పెట్టమనలేదు, నా భార్య పెట్టితిననలేదు, నేను వద్దనలేదు. వేసవిలో మా వీధికి ట్యాంకరు వచ్చినపుడు బిందెతో ముందు నిలుచునది ఆమెయే. మా డ్రమ్ములు, బిందెలు, త్రాగునీటి కుండ సమస్తమును నింపునది ఆమె చేతులే. మేము త్రాగు ప్రతి చుక్కయు ఆమె చేతిమీదుగా వచ్చినదే. ఆ నీటిని ఆమె త్రాగుటకు మాత్రము గ్లాసు వేరు!

మా యమ్మాయి తరువాత చెప్పెను. నీటిసంధి కథ చెప్పుచున్న నాడు గడపయొద్ద పిల్లకు దాహమైనదట. ఇది తన గ్లాసు నియ్యబోగా ఆ పిల్ల పుచ్చుకొనక, తానే లేచి కిటికీగట్టు కడకు పోయినదట. పదునొకండేండ్ల పిల్లకు మేము మాటతో చెప్పకయే ఆ పాఠము వచ్చినది.

నేను బడిలో ప్రతియేడును రాజ్యాంగములోని 17వ అధికరణమును చెప్పుదును. అస్పృశ్యత రద్దయినదని నల్లబల్లమీద వ్రాయుదును. మా నగరముననే భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, అంటరానివారనబడిన జనుల బిడ్డలకై పాఠశాలలు తెరిపించెనని చెప్పి, పిల్లలచేత ఆ సంవత్సరమును కంఠస్థము చేయింతును. ఆ సంవత్సరము నా పిల్లలకు నోటికి వచ్చును. మా కిటికీగట్టు నా కంటికి రాలేదు. రాలేదనుటయు సరికాదు, ప్రతిదినమును చూచుచునే యుంటిని.

మన శాస్త్రములలో మత్స్యన్యాయమను మాట గలదు. రక్షించు రాజు లేనిచోట పెద్దచేప చిన్నచేపను మ్రింగుననుట. ఇంగ్లీషున 'అడవి చట్టమ'ని లోకులు దీనినే యనుచుందురు; బడిలో నేనును అట్లే చెప్పియుంటిని. పుస్తకము తెరచి చూచినచో కిప్లింగు చెప్పినది దానికి విరుద్ధము: అడవిచట్టమనగా బలవంతుడును దాటరాని కట్టుబాటు. నిజమైన యడవిలో అదియును లేదు, గైడు చెప్పినట్లు అక్కడ నున్నది ఆకలి, దాహము, జాగరూకత. కట్టుబాటు చేసికొనగల ప్రాణి మనుష్యుడొక్కడే. ఆ శక్తితో మేము మా యింట చేసికొన్న కట్టుబాటు ఆ గ్లాసు.

తిరుగుప్రయాణమున సోన్ వంతెనయొద్ద మా వాడు, "ఇది మౌగ్లీ నీళ్ళేనా?" అని అడిగెను. కిప్లింగు కథలోని నది వైన్‌గంగ. పెంచ్ పోయి కన్హానులో కలియును, కన్హాను వైన్‌గంగలో, వైన్‌గంగ వార్ధాతో కలిసి ప్రాణహితయగును, ప్రాణహిత కాళేశ్వరమున గోదావరిలో కలియును. "ఇక్కడ కాదు నాయనా, క్రిందుగా, కాళేశ్వరము దగ్గర కలుస్తాయి. అక్కడినుంచి భద్రాచలము పోతాయి" అని చెప్పితిని.

మా యమ్మ పుట్టినిల్లు భద్రాచలము దగ్గరి పల్లె. ఆమె మెల్లగా, "అయితే నా చిన్నప్పుడు మేము తాగినవి ఆ మడుగు నీళ్ళేనా?" అనెను.

"అవును నానమ్మా. కుక్కలు, పందులు, పులులు తాగినవే" అని మా యమ్మాయి నవ్వెను.

ఆమె నవ్వలేదు. కామారెడ్డి వచ్చువరకు మాటలాడలేదు.

ఇల్లు చేరిన రాత్రియే ఆ గ్లాసును తీసి, తక్కిన గ్లాసులతో కలిపి అలమారలో పెట్టితిని. నా భార్య చూచి, "ఇన్నాళ్ళూ మీరు అడగలేదు, నేను చెప్పలేదు" అనెను. అందరి గ్లాసులును ఒకేవిధముగ నుండవలెనని, నొక్కుకొనిపోయినదానిని మరునాడు ఆమెయే తీసివేసెను.

ఇంతటితో సమస్య తీరినదని వ్రాసినచో అబద్ధమగును. మరునాటి సాయంకాలము పనిచేయు ఆమె వచ్చి, కిటికీగట్టును తడిమి, "నా గ్లాసేది సారూ?" అని అడిగెను. ఇకమీదట ఏ గ్లాసైన నీదేనంటిని. ఆమె నావైపు ఒక క్షణము చూచి, "ఇప్పుడెందుకు సారూ?" అనెను. ఆరేండ్లు ఊరకయుండి ఇప్పుడెందుకని యామె యడిగినచో నేనేమి చెప్పగలను? తప్పు మాదని చెప్పితిని. ఆమె యేమియు ననలేదు. అలమారలోని గ్లాసు తీసికొని, పెదవులకు తగులనీయక, పైనుండి పోసికొని త్రాగెను. నేటికిని అట్లే త్రాగుచున్నది. అలవాటు పెట్టుట మా చేతిలోనిదాయెను గాని, మాన్పుట మా చేతిలో లేదు.

మా యమ్మ కొన్నాళ్ళు తన చెంబు తానే కడుగుకొని వేరుగ త్రాగెను. నేనామెతో వాదింపలేదు. ఒకనాటి మధ్యాహ్నము ఆ పిల్ల జింకబొమ్మను చేతబట్టుకొని గడపయొద్ద కూర్చుండియుండగా, మా యమ్మ మంచముమీదినుండి, "దాహమైతే కుండలో ముంచుకో తల్లీ, ఎవరిని అడగనక్కరలేదు" అనుట వింటిని. అంతకుమించి యామె యేమియు ననలేదు, నేనును అడుగలేదు.

చదువరులలో చట్టములు తెలిసినవారు, సంస్కరణమునుగూర్చి సభలలో మాటలాడగలవారు పెక్కండ్రు గలరు. వారు దయచేసి తమ వంటింటి కిటికీగట్టును, పెరటి గూటిని, తలుపువెనుకనున్న మూలను ఒకసారి చూచుకొందురుగాక. అక్కడ ఏమియు లేకున్నచో సంతోషము. ఉన్నచో, బిడ్డలు దూరపుటడవిలో జ్ఞాపకము చేయువరకు ఆగవలదు.

గడపయొద్ద కథ మరల మొదలైనది. మౌగ్లీ యిల్లు చూచితివా యని ఆ పిల్ల యడిగినపుడు మా యమ్మాయి, "ఇల్లు లేదు, మడుగు ఉంది" అని చెప్పి, జింకలు తలలెత్తి నిలిచిన తీరును నిలిచి చూపెను. వచ్చే వేసవికి పెద్దబండి మాటలాడవలెనని యున్నది. ఈసారి ఆ తల్లినే అడిగితిని. "చూద్దాం సారూ" అనెను.